ఆకు పెరిగింది, తైలం పెరిగిందా?

నా పూర్వ విద్యార్థి ఒకడు అరెకరంలో తులసి వేసి, ఆకును బట్టీలో ఆవిరి పట్టించి తైలం అమ్ముకొంటాడు. ఒకనాడు చేత సీసాతో వచ్చాడు.

"మాస్టారూ, ఇది విటమిన్ల మందట. పిచికారీ చేస్తే ఆకూ నూనే రెండూ పెరుగుతాయట. కొట్టులో అరువు మీద ఇస్తామన్నారు. తీసుకోమంటారా?"

సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి సస్యశాస్త్రం అడగడమేమిటని నవ్వు వచ్చింది. అరువన్న మాట విని ఆ నవ్వు ఆగింది. సీసాపై విటమిన్లని ఉన్నదే గాని, ఏది ఎంతో లేదు.

ఆ రాత్రి చదువుకొన్నాను. మొక్క తన విటమిన్లను తానే తయారుచేసికొంటుంది. అయినా పైనుండి అందించడం ఉత్త మాట కాదు. ఉప్పునీరు, నీటి ఎద్దడి వంటి కష్టాలలో కణాలకు కలిగే ఆక్సీకరణ బాధను సి విటమిన్ తగ్గించగలదు. బి1 విటమిన్ పిండిపదార్థాల నుండి శక్తి పుట్టించే ఎంజైములకు తోడ్పడుతుంది. ఈజిప్టులో తులసి జాతి మొక్కలపై ఇట్టి పిచికారీలు ప్రయోగించి చూశారు. ఫోలిక్ ఆమ్లం పేరే లాటిన్‌లో ఆకు అనే అర్థంగల 'ఫోలియం' నుండి వచ్చింది. 1941లో పాలకూర నుండి రాబట్టిన దానికి ఆ పేరు పెట్టారు. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. చదువుతూ కాసేపు అక్కడే ఆగిపోయాను.

అయితే చిక్కు వేరొకటి. తులసి తైలం ఆకు పైనుండే సూక్ష్మగ్రంథులలో నిలువ ఉంటుంది. ఆకు బరువెక్కినంత మాత్రాన తైలం పెరగాలని లేదు. 100 కిలోల ఆకుకు 300 గ్రాముల తైలం దిగే చేనిలో, మందు కొట్టాక 120 కిలోల ఆకు వచ్చి తైలం మాత్రం 300 గ్రాములే దిగిందనుకొందాం. అప్పుడు కోతకూలీ, కట్టెల ఖర్చే పెరిగినట్లు. వ్యాఖ్యానం పెరిగినంతనే కావ్యంలో రసం పెరుగుతుందా?

మరునాడు వాడితో అన్నాను. "చేనంతటికీ వద్దు నాయనా. ఒక్క సీసా కొను. రెండు సాళ్లకు మందు, రెండు సాళ్లకు ఉత్త నీళ్లు, ఒకే సాయంత్రం కొట్టు. నీళ్లలో కలిపిన సి విటమిన్ గాలికీ వెలుతురుకూ చెడిపోతుంది, కనుక అప్పటికప్పుడే కలుపుకో. విడివిడిగా కోసి, తూచి, తైలం తీయించు."

కోత ముగిశాక రెండు చిన్న సీసాలు తెచ్చాడు. మందు కొట్టిన సాళ్లలో ఆకు కాస్త ఎక్కువే తూగిందట. తైలం మాత్రం రెండింటా ఒకే మట్టం.

ఒక్క చేను, ఒక్క కోత చూసి శాస్త్రం తేల్చరాదు. సరుకు నిండైనదైతే ఫలితం వేరుగా ఉండేదేమో. వచ్చే కోతకూ నాలుగు సాళ్లు విడిగా కట్టమన్నాను. వాడు సరేనన్నాడు. ఈ ఏడాది కొట్టులో వాడి పేర అరువు లేదు.