కాటా మీద బంగాళాదుంప

ఆ బాబుని నేను మొదటిసారి చూసినప్పుడు వాడికి రెండేళ్ల రెండు నెలలు. జలుబు, దగ్గు. రాజమండ్రికి దగ్గర్లో ఒక ఊళ్లో వాళ్లది కిరాణా కొట్టు. మందులు రాసి చీటీ చేతికిచ్చినా తల్లి కుర్చీలోంచి లేవలేదు. "మాటలు రావట్లేదండీ" అంది. తల తిప్పి చూశాను. మూల బల్ల మీదున్న, పసిపిల్లల్ని తూచే మిషను దగ్గర నిలబడి ఉన్నాడు వాడు. ట్రేని చేత్తో నొక్కుతున్నాడు, వదిలేస్తున్నాడు. ఎర్రంకెలు మారతాయి, మళ్లీ సున్నా అవుతాయి. పేరుపెట్టి పిలిచాను. పలకలేదు. బయట వరండాలో ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. ఆ హడావుడిలో నేనన్న మాట ఇది: "మగపిల్లలకి కొంచెం ఆలస్యమేనమ్మా. ఆర్నెల్లు చూద్దాం."

నాయనమ్మ కూడా వచ్చింది ఆరోజు. "నేనూ అదే చెబుతున్నానండీ. వీళ్ల నాన్నకి నాలుగో ఏడు వచ్చేదాకా మాట లేదు. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తున్నాను" అంది. పెద్దావిడ మాటా డాక్టరు మాటా ఒక్కటయ్యేసరికి ఆ తల్లికి ఇక చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు. మళ్లీ పదకొండు నెలల తర్వాత గానీ రాలేదు.

ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్నలకి పెద్ద చదువు అక్కర్లేదు. ఎం-చాట్ అని, ఆటిజం ఆనవాళ్లు పట్టుకోవడానికి, 16 నుంచి 30 నెలల పిల్లల కోసం 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. తల్లిదండ్రులు పది నిమిషాల్లో నింపగలరు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆ ప్రశ్నల వెనక నేను వెతికేది ముఖ్యంగా ఒక్కటే. చందమామని చూపిస్తే పిల్లాడు మన వేలిని చూస్తాడా, చంద్రుణ్ని చూస్తాడా? తనకి నచ్చింది కంటబడినప్పుడు "చూశావా" అన్నట్టు ఒక్కసారి వెనక్కి తిరిగి అమ్మ మొహంలోకి చూస్తాడా? మాట పుట్టేది ఆ చూపులోంచే. ఆ బాబు మిషను అంకెల్ని చూశాడు గానీ, వాటిని ఎవరికీ చూపించలేదు. అది నా కళ్లముందే జరిగింది.

రెండోసారి వచ్చినప్పుడు ముందు చెవి పరీక్ష చేయించాను. మాట రాని పిల్లాడు ఎవరైనా సరే, సైకాలజిస్టు దగ్గరికి వెళ్లేలోపే బెరా పరీక్ష అయి తీరాలి. వినపడని బిడ్డని పలకని బిడ్డ అనుకోవడంకన్నా అన్యాయం లేదు. వాడికి చెవులు బాగానే ఉన్నాయి. అప్పుడు నా చీటీ మీద ఒక్క ముక్క రాశాను: సైకాలజిస్టుకి చూపించండి. ఎవరికి, ఎందుకు, ఏం అడగాలి, ఏదీ రాయలేదు.

వాళ్లు బోర్డు చూసి లోపలికి వెళ్లారు. అంతకన్నా వాళ్లకి దారేది? మన పట్టణాల్లో "చైల్డ్ సైకాలజిస్ట్" అని బోర్డు పెట్టడం తేలిక. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే మాత్రం భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన శిక్షణ ఉండాలి, ఆ సంస్థ రిజిస్టరులో పేరూ నంబరూ ఉండాలి. 1992 నాటి చట్టం అది. సైకాలజీలో ఎం.ఎ. చేయడం వేరు, ఆ శిక్షణ పొంది నమోదు కావడం వేరు. ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. నేను చూసినంతలో మంచివాళ్లు అడక్కుండానే చెబుతారు. నమోదు ఉన్నంత మాత్రాన పిల్లాడితో పనిచేయగలరనీ కాదు. అది గుమ్మం మాత్రమే.

నాలుగు నెలల తర్వాత ఆ తల్లి ఆరు పేజీల రిపోర్టుతో వచ్చింది. మొదటిరోజే నలభై నిమిషాల్లో పరీక్ష అయిపోయిందట. బల్ల ముందు కూర్చోబెట్టి ఎర్ర దిమ్మెలు పేర్చమన్నారు. వాడు బల్ల కిందకి దూరి గుక్కపట్టి ఏడ్చాడు. రిపోర్టులో మాత్రం తెలివితేటలకి ఒక అంకె వేసి, దాని పక్కన "తీవ్రం" అని రాసి ఉంది. తర్వాత ఆమెని రెండు ప్రశ్నలడిగారు: ఫోను ఎంతసేపు ఇస్తారు, గర్భంతో ఉన్నప్పుడు టెన్షన్ పడ్డారా? మూడు నెలల ప్యాకేజీ కట్టించుకున్నారు. గది తలుపు మూసేవారు, తల్లి బయట బెంచీ మీద. నార్మల్ చేసి స్కూల్లో వేయిస్తామన్నారు. మూడోవారం నుంచి ఆటో ఆ వీధి మలుపు తిరగ్గానే వాడు వాంతి చేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఈ కాగితంలో ఉన్న పిల్లాడు మావాడు కాదండీ" అంది ఆవిడ.

ఆ మాట నన్ను వదల్లేదు. బల్లకింద ఏడుస్తున్న బిడ్డకి వేసిన తెలివితేటల అంకె, వాడి భయానికి వేసిన అంకె. తెలివిని కొలవాలంటే ముందు బిడ్డ కుదుటపడాలి. దానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. అన్నిరోజులూ ఫీజు ఇచ్చుకోలేని ఇళ్లున్నాయి, నాకు తెలుసు. అందుకే ఇంట్లో తీసిన వీడియో పట్టుకెళ్లమంటాను. అన్నం తింటున్నప్పుడు, ఆడుకుంటున్నప్పుడు, కోపం వచ్చినప్పుడు, ఒక్కొక్కటి రెండు నిమిషాలు. దాన్ని చూడ్డానికి ఇష్టపడని సైకాలజిస్టు దగ్గర ఆగక్కర్లేదు.

ఇక తల్లిని నిందించడం. ఇది కొత్త జబ్బు కాదు. అమెరికాలో లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి వైద్యంలో చోటు కల్పించాడు. ఆ తర్వాత ఒక ఇరవై ఏళ్లపాటు, తల్లి మనసు చల్లబడిపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని పెద్దపెద్దవాళ్లు నమ్మారు, రాశారు. ఫ్రిజ్ లాంటి తల్లులని పేరుపెట్టారు. ఆ మాటని 1964లో పుస్తకం రాసి ఎదిరించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన సైకాలజిస్టు, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి కూడా. ఆటిజం మెదడు ఎదుగుదలకి సంబంధించినది, పెంపకం వల్ల వచ్చేది కాదు అని తేలిపోయి దశాబ్దాలైంది. అయినా మన ఇళ్లలో ఆ నింద ఫోను రూపంలో మళ్లీ వచ్చింది. పిల్లాడి చేతిలో ఫోను తగ్గించాల్సిందే, కాదనను. కానీ అత్తగారు ఇంట్లో అనే మాటనే సైకాలజిస్టు కూడా గదిలో అంటే, ఆ తల్లి ఇంకెక్కడికి పోతుంది?

ఈసారి చీటీ రాయలేదు. కాకినాడలో పనిచేసే ఒక సైకాలజిస్టు ఆవిడ గురించి నా స్నేహితుడు చెబితే నేనే ఫోన్ చేశాను. నేను రోగ లక్షణాలు వరసగా చెప్పుకుపోతుంటే ఆవిడ ఆపి, "వాడికి ఏమిష్టం డాక్టరుగారూ?" అంది. నాకు తెలియదు. పిల్లాడికి రెండు రాష్ట్రాల్లో దొరికే టానిక్కులన్నీ రాశాను గానీ వాడికి ఏమిష్టమో ఎన్నడూ అడగలేదు. తల్లినడిగితే తడుముకోకుండా చెప్పింది: "కాటా అండీ. కొట్లో కాటా ముందు పెడితే రెండు గంటలైనా కదలడు."

తర్వాత జరిగింది తల్లి చెప్పగా విన్నాను, ఒకసారి నేనూ వెళ్లి చూశాను. ఆవిడ గదిలో బల్ల లేదు. చాప మీద ఒక చిన్న కాటా, బుట్టలో బంగాళాదుంపలు. తల్లి అక్కడే పక్కన కూర్చుంది. ఆవిడ ఒక దుంప కాటా మీద పెట్టింది. అంకె వచ్చింది. వాడు పరిగెత్తుకొచ్చాడు. రెండోది, అంకె మారింది. మూడో దుంప చేతిలోకి తీసుకుని, పెట్టకుండా, తన మొహానికి కాస్త దగ్గరగా పట్టుకుని ఆగింది. ఏమీ అడగలేదు. "చెప్పు, అను" అనలేదు. వాడు కాటా వంక చూశాడు, దుంప వంక చూశాడు, ఆవిడ చేయి లాగాడు. తర్వాత, చాలా సేపటికి, ఆవిడ కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు. వెంటనే దుంప కాటా మీద పడింది. "పెట్టు" అంది ఆవిడ, ఒక్క మాట, తెలుగులో. ఇరవైసార్లు జరిగిందది. ఇరవై ఒకటోసారి తల్లి చేతికి దుంప ఇచ్చి తను వెనక్కి జరిగింది.

"ఇంటికెళ్లి కొట్లో రోజుకి మూడుసార్లు, పదేసి నిమిషాలు ఇదే చెయ్యండి. మిగతా రోజంతా మామూలుగా ఉండండి" అని పంపింది.

సరైన సైకాలజిస్టుని ఎలా పోల్చుకోవాలని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నేను ఆ చాపని గుర్తు చేసుకుని చెబుతాను. మొదటి రోజు సాయంత్రం ఇంటికి వచ్చాక మీరు చేయగలిగిన పని ఒకటైనా మీ చేతిలో ఉందా? గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో చేసిన ఒక అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. అక్కడ ఇళ్లకి వెళ్లినవాళ్లు పెద్ద నిపుణులు కూడా కాదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు. వాళ్లు నేర్పింది తల్లిదండ్రులకి. ఆ పిల్లలు తమంతట తామే అమ్మనీ నాన్ననీ పలకరించడం పెరిగింది. వారానికి రెండు గంటలు చూసే నిపుణురాలి చేతికన్నా, రోజంతా ఉండే అమ్మ చేతికి పని నేర్పడం మేలు. తలుపు మూసేవాళ్లంటే నాకు పడకపోవడానికి కారణం అదే.

భాష గురించి కూడా చెప్పాలి. అమలాపురం నుంచి ఒక పెద్దావిడ బీపీ మందుల కోసం నా పక్క గదిలోని ఫిజీషియన్ దగ్గరికి వస్తుంటారు. ఒకరోజు నా గదిలోకి వచ్చి కూర్చున్నారు. మనవడు డాలస్‌లో ఉంటాడు, నాలుగేళ్లు, ఆటిజం. ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని అక్కడెవరో సలహా ఇచ్చారట. "నాకు ఇంగ్లిష్ రాదు కదండీ. వీడియో కాల్లో వాడు కనబడితే చేతులూపి ఊరుకుంటున్నాను. మాట్లాడితే పిల్లాడు పాడైపోతాడేమోనని భయం" అన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట ఇంకా ఆలస్యమవుతుందనడానికి ఆధారం లేదు. అధ్యయనాలు చెప్పేది అందుకు విరుద్ధంగానే ఉంది. ఆ సలహా ఇక్కడ హైదరాబాద్‌లోనూ ఇస్తున్నారు, ఇంగ్లిష్ మీడియం స్కూలు పేరు చెప్పి. కార్టూన్లు చూసి అమెరికా యాసలో రంగుల పేర్లన్నీ అప్పజెప్పే పిల్లాడికి "అమ్మా, ఆకలి" అనడం రాదు. తిండి పెట్టే భాషని తీసేసి మాటలు నేర్పాలనుకోవడం నాకు అర్థం కాని సంగతి. ఆవిడ చేత ఆ రోజే నా గదిలోంచి ఫోన్ చేయించి, మనవడి పేరు పెట్టి నోరారా పిలవమన్నాను.

ఆటిజం ఉన్న ఆడపిల్లల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. తొమ్మిదేళ్ల అమ్మాయి, క్లాసులో ఫస్టు, ప్రతి ఆదివారం రాత్రి కడుపునొప్పి. స్కానింగులు చేయించాను, ఏమీ లేదు. ఇద్దరు సైకాలజిస్టులు పరీక్షల ఒత్తిడి అన్నారు. మూడో ఆయన అడిగిన ప్రశ్న చాలా చిన్నది: "ఇంటర్వెల్‌లో ఎవరితో ఉంటావమ్మా?" ఆ పిల్ల చెప్పింది, "నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతాను. నలభై రెండు రౌండ్లు వస్తాయి." పక్కపిల్లలు ఎలా నవ్వుతారో చూసి అలాగే నవ్వడం, ఎప్పుడు తలూపాలో గుర్తుపెట్టుకోవడం, ఇదంతా వారమంతా చేసి అలసిపోయేది. ఇలాంటి పిల్లలు బుద్ధిమంతులనిపించుకుని ఎవరి కంటా పడకుండా పోతారు. ఆయన ఆ పిల్లకి ఏ చికిత్సా మొదలుపెట్టకముందు స్కూలు వాళ్లతో మాట్లాడి, ఇంటర్వెల్‌లో లైబ్రరీలో కూర్చునే అనుమతి ఇప్పించాడు. కడుపునొప్పి నెలలో తగ్గింది.

వైకల్య సర్టిఫికెట్ గురించి కుటుంబాల్లో రెండు రకాల భయాలుంటాయి. తీసుకుంటే ముద్ర పడిపోతుందని కొందరు, మార్కు ఎక్కువొస్తే బిడ్డ ఇక బాగుపడడని కొందరు. మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడే ఐఎస్ఏఏ కొలబద్ద సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేదంటారు, 153 దాటితే తీవ్రం. అది ఈనాటి సంగతి చెప్పే అంకె, పదేళ్ల తర్వాతది కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టంలో 21 వైకల్యాల జాబితాలోకి వచ్చింది. ఆ కాగితం ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి మొత్తం లక్ష రూపాయల వరకు వైద్యానికీ, అందులోనే కొంత థెరపీ ఖర్చులకీ ఆసరా దొరుకుతుంది. కొట్టువాళ్లు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లొచ్చారు. కాకినాడ ఆవిడే వెళ్లమంది. ఇంకొకరు చూస్తామంటే తన పనికి తక్కువని ఆవిడ అనుకోలేదు. "నాకు మాట గురించి అంత తెలియదు, స్పీచ్ థెరపిస్టు చూడాలి" అని ఆవిడ అంటుండగా రెండుసార్లు విన్నాను. నయం చేస్తానని ఒక్కసారీ వినలేదు. మూలకణాల ఇంజెక్షన్ల గురించి తండ్రి అడిగినప్పుడు మాత్రం గట్టిగా వద్దంది. ఆ డబ్బు దాచి బాబుకి ఈత నేర్పించమంది.

వాడికిప్పుడు ఎనిమిదేళ్లు. మాటలు తక్కువే. శబ్దం ఎక్కువైతే ఇప్పటికీ చెవులు మూసుకుంటాడు. కొట్లో పప్పు తూచి ఇస్తాడట, ఒక్క గ్రాము తేడా రానివ్వడట, అందుకని అరకిలోకి అయిదు నిమిషాలు పడుతుందని తండ్రి చెప్పాడు. మొన్న జ్వరంతో తీసుకొచ్చారు. రాకముందే కాకినాడ ఆవిడ నుంచి నాకు మూడు వాక్యాల మెసేజ్: ముట్టుకునే ముందు చెప్పండి, ట్యూబ్‌లైటు ఆపండి, తొందరపెట్టకండి. లైటు ఆపాను. గుండె చూశాక నా మెడలోంచి స్టెతస్కోపు తీసుకుని నేరుగా మూల బల్ల దగ్గరికి వెళ్లాడు. మిషను ట్రేలో పెట్టాడు. అంకెలు అటూ ఇటూ ఆడి నిలబడ్డాయి.

"నూట నలభై" అన్నాడు.

అని, వెనక్కి తిరిగి, నా మొహంలోకి చూశాడు.