తోమిన నాణెమా, తోమనిదా?

చిల్లర చేతికి వచ్చినప్పుడు మనమంతా లెక్క చూసుకుని జేబులో వేసుకుంటాం. రంగు చూసేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం చిన్నప్పటినుంచీ నాణేల రంగు చూడటం అలవాటు. మా ఇంట్లోవాళ్ళు దీన్ని పిచ్చి అంటారు. అననివ్వండి.

2009 నుంచి వచ్చిన పసుపుపచ్చని అయిదు రూపాయల బిళ్ళ మీరంతా చూసే ఉంటారు. అందులో నూటికి 75 పాళ్ళు రాగి, 20 పాళ్ళు జింకు, 5 పాళ్ళు నికెలు. టంకశాలనుంచి వచ్చిన కొత్తలో అది బంగారు కాసులాగా తళతళలాడుతుంది. తరవాత వందలాది చేతులు మారుతుంది. చెమటా, తేమా తగులుతాయి. గాలిలోని ఆక్సిజన్ రాగితో కలిసి పైన ఒక సన్నని పొర కడుతుంది. కొన్నేళ్ళకు బిళ్ళ పాత ఇత్తడి గంట రంగుకు తిరుగుతుంది.

మరి 2010 అని ముద్ర ఉన్న బిళ్ళ నిన్న తయారైనట్టు మెరుస్తూ వస్తే ఏమనుకోవాలి? కొత్తగా ఉన్నప్పుడే ఎవరో దాన్ని మట్టి హుండీలో వేసి, ఇన్నేళ్ళకు హుండీ పగలగొట్టి ఉండవచ్చు. లేదా ఎవరో దాన్ని తోమి ఉండవచ్చు. ఇత్తడి కుందులను చింతపండుతో తోమే ఇళ్ళు మనకు కొల్లలు గదా!

మా ఎదురింటి అక్కాతమ్ముళ్ళకు ఇటువంటి బిళ్ళ మీదే తగవు వచ్చింది. వాళ్ళ బడిలో నాణేల ప్రదర్శన పెట్టారు. దొరికిన నాణేన్ని దొరికినట్టే తీసుకురావాలి, తోమకూడదు అని నియమం. ముందురోజు సాయంత్రం కిరాణాకొట్టులో అక్కకు 2010 నాటి బిళ్ళ ఒకటి మెరుస్తూ దొరికింది. “రాత్రి వంటింట్లో చింతపండుతో తోమింది, బాబాయిగారూ!” అన్నాడు తమ్ముడు. “ఒట్టు, నేను తోమలేదు,” అన్నది అక్క. బడిలో ఆ మాట నలుగురూ నమ్మితే ఆ పిల్ల తల ఎత్తుకోగలదా?

నేను గదిలో ఒకే దీపం ఉంచి, నా డబ్బాలోని సరికొత్త బిళ్ళ ఒకటి తీసి, దీపం కింద మెల్లిగా అటూ ఇటూ వంచి చూపించాను. వెలుగు ఒకచోట నిలవలేదు. బండిచక్రం ఆకులలాగా మధ్యనుంచి అంచుకు చారలు సాగి, బిళ్ళ వంచినకొద్దీ గిర్రున తిరిగాయి. టంకశాలలో లోహపు బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి బ్రహ్మాండమైన ఒత్తిడితో నొక్కుతారు. అరిసె నొక్కితే పిండి అంచులకు జరిగినట్టు లోహం కూడా బయటికి జరుగుతుంది. ఆ జరగటంలో కంటికి ఆనని సన్నని గీతలు పడతాయి. వెలుగు చక్రం తిప్పేవి అవే.

అక్క బిళ్ళను కూడా అలాగే వంచాం. మెరుపు ఉన్నది గాని, చక్రం తిరగలేదు. తరవాత భూతద్దం పెట్టాం. మూడు సింహాల జూలు అరిగి నున్నగా ఉన్నది. మరి అరిగినచోటే మెరుస్తున్నదేం? చేతులు మారి అరిగిన బిళ్ళకు కొత్త మెరుపు ఎక్కడినుంచి వస్తుంది? పైగా అంతటా ఒకే వాలున గీరలు. కొబ్బరిపీచు గుర్తులు కాబోలు. అక్కడక్కడ గులాబి ఛాయ కూడా ఉన్నది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉన్నది. అది నల్లని పొరను కరిగిస్తుంది. ఊరుకోక కింది లోహాన్నీ కొంచెం తింటుంది. జింకు ముందు పోయి రాగి మిగిలితే ఆ గులాబి రంగు వస్తుంది.

“చూశావా, నే చెప్పలేదూ!” అని తమ్ముడు చప్పట్లు కొట్టాడు. అక్క కళ్ళనిండా నీళ్ళు.

“తోమిన మాట నిజమే. ఎవరు తోమారో బిళ్ళ ఇంకా చెప్పలేదు,” అన్నాను.

అంకె మూలల్లో పసుపుపచ్చని మట్టి కాస్త ఇరుక్కుని ఉన్నది. దాన్ని పుల్లతో తీసి కాగితం మీద పెట్టి, తాంబూలపు సున్నం కలిపిన నీటిచుక్క వేశాను. ఎర్రగా మారింది. “పారాణి!” అన్నది అక్క. నిజమే, పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుంది. ఆ బిళ్ళ ఎవరి పూజలోనో కూర్చుని వచ్చి ఉండాలి. “మా ఇంట్లోనూ పసుపు ఉన్నది,” అన్నాడు తమ్ముడు. కుర్రవాడు గట్టివాడే! అతని మాటా కొట్టెయ్యదగినది కాదు.

అప్పుడు వెనకవైపు చూశాం. మెరుపు మీద గోధుమరంగులో ఒక బొటనవేలి ముద్ర పడి ఉన్నది. తోమిన రాగి లోహం మీద చెమట వేలు పెడితే కొన్నాళ్ళకు ఆ ముద్ర నల్లబడుతుంది. ఒక్క రాత్రిలో అంతగా ముదరదు. అక్క పక్కనే తన వేలు పెట్టింది. ముద్ర రెండింతలున్నది. తమ్ముడు తన వేలూ పెట్టి చూసుకుని, “సరేలే,” అన్నాడు.

బిళ్ళ ప్రదర్శనకు వెళ్ళింది. కింద అక్క కాగితం ముక్క అంటించింది: “ఎవరో తోమినది. నేను కాదు.”

ఇదంతా రాగి కలిసిన నాణేల సంగతి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి తోమినా తోమకపోయినా తెల్లగానే ఉంటుంది. దాని మెరుపు చూసి ఏమీ తేల్చలేం. గీరలూ, వెలుగు చక్రమూ చూసుకోవలసిందే.

నా డబ్బాలో 1957 నాటి కంచు నయాపైస ఒకటి ఉన్నది. అణాలు పోయి, రూపాయికి నూరు నయాపైసలు వచ్చిన ఏడాదిది. పాతబెల్లం రంగులో ఉంటుంది. తోమితే సేకరించేవాళ్ళ దగ్గర దాని వెల తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, అచ్చు నొక్కినప్పటి గీతలు ఒకసారి కరిగిపోతే మళ్ళీ ఎవరూ వెయ్యలేరు. తమ్ముడు వచ్చినప్పుడల్లా దాన్ని దీపం కింద వంచి చూస్తాడు. నల్లని పొర కిందనుంచే, అంచు దగ్గర, చక్రం ఇంకా కాస్త తిరుగుతుంది.