ఇంటిల్లిపాదికీ సెగగడ్డలు

2017 వేసవిలో మా చిన్నవాడి తొడమీద సెగగడ్డ లేచింది. "మామిడిపళ్ళు మితం లేకుండా తిన్నాడు, వేడి చేసింది" అని మా అమ్మ తీర్మానించింది. ఆ పేరులోనే సెగ ఉంది కదా! పసుపు పట్టు వేసింది. అది పగిలితే తన చేతులతోనే చీము కడిగి, తన తువ్వాలుతోనే తుడిచింది.

అప్పటికి ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వ వైద్యుణ్ణయిన నేను ఏం చేశాను? బీరువాలో మిగిలివున్న ఎమాక్సిసిలిన్ కాప్సూల్సు తీసి ఇచ్చాను. మూడు రోజులకు గడ్డ అణిగింది, మందు ఆపేశాం. పదిహేను రోజులకు మరొకటి లేచింది. ఈసారి వేరే మందు, అదీ నాలుగు రోజులే. చీము పరీక్షకు పంపలేదు. ఏ రోగి అయినా ఇలా చేసి వస్తే కేకలేసేవాణ్ణి.

తరవాత మా ఆవిడకు చంకలో లేచింది. ఆ తరవాత మా అమ్మకు వీపుమీద. అమ్మకు డెబ్బై ఆరేళ్ళు, పైగా చక్కెర వ్యాధి. మూడోనాటికి చలిజ్వరం, మాట తడబడటం. హుటాహుటిన ఆసుపత్రిలో చేర్చాం. సూక్ష్మజీవులు రక్తంలోకి పాకిపోయాయి.

సెగగడ్డలకు ముఖ్య కారణం వేడి కాదు, స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి. ఆరోగ్యవంతుల్లో కూడా పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కుల్లో ఇది ఏ బాధా పెట్టకుండా కాపురముంటుంది. చర్మం గీరుకుంటే లోపలికి దిగి గడ్డ కట్టిస్తుంది. పెన్సిలిన్‌కు లొంగని ఈ క్రిముల కోసం 1959లో మెథిసిలిన్ వచ్చింది. 1961 నాటికే దానికీ లొంగనివి ఇంగ్లండులో కనిపించాయి. వాటినే ఎం.ఆర్.ఎస్.ఎ. అంటాం. చాలాకాలం వీటిని ఆసుపత్రుల జబ్బు అనుకున్నాం. 1990ల నుంచి ఆసుపత్రి గడప తొక్కనివారిలో కూడా ఇవి వ్యాపిస్తున్నట్టు తేలింది. ఒకే తువ్వాలు, ఒకే సబ్బు, ఒకే పక్క ఉన్నచోట వీటికి దారి సులువు.

అమ్మ రక్తంలో తేలినవి ఇవే. ఇంట్లో అందరి ముక్కుల్లోంచీ దూదిపుల్లతో నమూనాలు తీయించారు తోటి డాక్టరుగారు. మావాడి ముక్కులోనూ, నా ముక్కులోనూ అవే. ముందు ఎవరినుంచి ఎవరికి వచ్చాయో రుజువు చెయ్యలేను. కాని ఆసుపత్రినుంచి ఇంటికి వాటిని నేనే మోసుకొచ్చి వుండవచ్చు. వాడి పుండుకు కట్టు కట్టింది కూడా నేనే.

పెన్సిలిన్ కనుక్కున్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ప్రసంగంలో ఒక ఊహాకథ చెప్పాడు. ఒకాయన గొంతునొప్పికి తనంతట తానే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వేసుకున్నాడు. క్రిములు చావలేదు సరికదా, మందును తట్టుకోవడం నేర్చుకున్నాయి. అవి ఆయన భార్యకు సోకి, న్యుమోనియా వచ్చి, పెన్సిలిన్ పనిచెయ్యక ఆమె చనిపోయింది. ఆ చావుకు బాధ్యుడు మందును అలక్ష్యంగా వాడిన ఆ భర్తేనన్నాడు ఫ్లెమింగ్. అమ్మ మంచం పక్కన కూర్చున్న రాత్రుళ్ళు నాకా కథే గుర్తుకొచ్చేది.

గడ్డ కోసి చీము తీశారు. వాంకోమైసిన్ ఇంజెక్షన్లు పద్నాలుగు రోజులు ఎక్కించారు. అమ్మ బతికింది. తెలివి వచ్చాక, "నా కొడుకు డాక్టరు, నాకేం భయం అని అందరితో చెప్పుకునేదాన్ని నాయనా" అంది. నిష్ఠురంగా అనలేదు. అందుకే ఇంకా బాధ.

మా ఇల్లు నేర్చుకున్న పాఠాలు మీకూ చెబుతాను. సెగగడ్డను పిసక్కండి, సూదితో పొడవకండి. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. చిన్న గడ్డ చాలావరకు అలాగే తగ్గుతుంది. పెద్దదైతే డాక్టరు చేత కోయించి చీము తీయించడమే అసలు వైద్యం. పగిలిన గడ్డమీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. తువ్వాలు, రేజరు, బట్టలు ఎవరివి వారికే ఉండాలి. దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్ళతో ఉతికి బాగా ఎండబెట్టండి.

జ్వరం వచ్చినా, ఎరుపు త్వరత్వరగా పాకుతున్నా, గడ్డ ముక్కుమీదో పైపెదవిమీదో లేచినా, రోగి పసిబిడ్డ అయినా, చక్కెర వ్యాధి ఉన్నా ఆలస్యం చెయ్యకండి. గడ్డలు మళ్ళీ మళ్ళీ వస్తున్నా, ఇంట్లో ఇద్దరికి వచ్చినా చీము పరీక్ష చెయ్యమని అడగండి, రక్తంలో చక్కెర చూపించుకోండి. అవసరమైతే ముక్కులో రాసే మందు ఇంటిల్లిపాదికీ ఒకేసారి ఇస్తారు. మేమూ అయిదు రోజులు రాసుకున్నాం.

అన్నిటికన్నా ముఖ్యం: మిగిలిన బిళ్ళలు దాచకండి, మందుల షాపులో అడిగి కొనకండి, పొరుగింటివారి చీటీ మీకు వాడకండి. డాక్టరు రాస్తే ఆ మోతాదులో, అన్ని రోజులూ వాడండి.

ఆ బీరువా అర ఇప్పుడు ఖాళీగా ఉంది. మీ ఇంట్లోదీ ఒకసారి తెరిచి చూడండి.