షవర్ కింద నల్ల బూజు

వానాకాలం వస్తే చాలు, మా హాస్టల్ బాత్రూంలో షవర్ కింద టైల్స్ సందుల నిండా నల్ల బూజే. ఓ ఆదివారం నాకు హుషారు పుట్టింది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కొట్టాను. చాలదనిపించి, దానిమీదే టాయిలెట్ యాసిడ్ పోశాను. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. రూమ్మేట్ బయటికి లాక్కొచ్చాడు. రాత్రంతా దగ్గు. వచ్చింది క్లోరిన్! ఇంటర్‌లో ఆ రియాక్షన్ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే మరి.

క్లీనింగ్‌కి వచ్చే ఆంటీ తిట్టింది. "తడి ఆరకపోతే ఎన్ని పోసినా మళ్లీ వస్తది బాబూ" అంటూ, దోమలొస్తున్నాయని వెంటిలేటర్‌కి మేం అడ్డంపెట్టిన అట్టముక్క పీకేసింది. అక్కడ మెష్ కొట్టాం. ఇప్పుడు స్నానమయ్యాక గోడలకి వైపర్ లాగుతున్నాం. మచ్చలకి బ్లీచింగ్ ఒక్కటే, అదీ తలుపు బార్లా తీసి. ఒక మూల ఇంకా పోలేదు.