మంచుకొండపై ఒక పాఠము

ముప్పదియైదేండ్లు పాఠశాలలో హిమాలయ వర్ణనలను బోధించితిని. కాని మంచును కన్నులార చూచి యెరుగను. 2025 ఫిబ్రవరి మాసాంతమున ఆ లోటు తీరినది. అమెరికాలోని కొలరాడోలో పెరిగిన నా మనుమడు నన్ను చూడవచ్చి, కాశ్మీరమునందలి గుల్‌మార్గ్‌నకు తీసికొనిపోయెను.

గుల్‌మార్గ్ సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల యెత్తున నున్నది. వేసవిలో పూలతో నిండు ఆ మైదానము శీతకాలమున మంచుతో కప్పబడును. అచ్చటినుండి ఉక్కుతీగపై నడచు గొండోలాలో కూర్చుండి మొదట కొంగ్‌డూరికిని, పిదప దాదాపు 3,950 మీటర్ల యెత్తున అఫర్వత్ కొండపైకిని పోవచ్చును. యువకులు స్కీలనబడు పొడవైన పలకలను పాదములకు బిగించుకొని ఆ వాలులపై జారుదురు.

మేము చేరిన రాత్రియే మంచు కురిసెను. ఉదయమున గుప్పెడు తీసికొని ఉండ చేయబోతిని. అది జల్లించిన బియ్యపుపిండివలె వ్రేళ్ళ సందులనుండి జారిపోయెను. మా మార్గదర్శి యగు కాశ్మీరీ యువకుడు నవ్వి, "చలి మిక్కుటమై గాలి పొడిగా నున్నప్పుడు కురియు మంచు ఇట్లే యుండును, మాస్టర్‌జీ. ఇందు మంచుకన్న గాలియే యెక్కువ" అనెను. ఇట్టి మంచుపై జారువానికి మేఘముపై తేలినట్లుండునట. దానికొరకే దూరదేశములనుండి జనులు వత్తురు.

కొంగ్‌డూరిలో, గుర్తులు పాతిన హద్దునకు ఆవల, ఎవ్వరును త్రొక్కని యొక వాలును మనుమడు చూపి, "అచ్చటికి పోదము; రెట్టింపు సొమ్ము నిత్తును" అనెను. మార్గదర్శి ఒప్పుకొనలేదు. పాత మంచుపై క్రొత్త మంచు ఇంకను కుదురుకొనలేదనియు, 30 మొదలు 45 డిగ్రీల వాలులందే మంచుచరియలు తరచుగా విరిగిపడుననియు చెప్పెను. 2023 ఫిబ్రవరి 1వ తేదీన అఫర్వత్‌పై చరియ విరిగిపడి పోలెండు దేశీయు లిరువురు మరణించిన సంగతిని జ్ఞాపకము చేసెను.

నాకు మా కళ్ళములోని వడ్లరాశి తలపునకు వచ్చెను. ఇంకొక చేటెడు పోసినంతనే రాశి ప్రక్క యంతయు జారును. ఏ చేటతో జారునో ముందుగా నెవడు చెప్పగలడు?

"తాతయ్యా, మీరైనను చెప్పండి" అని మనుమడు నావైపు తిరిగెను. అంతదూరమునుండి వచ్చినవాడు, మరల మే మిరువురము కలిసి ఎప్పుడు రాగలమో! ఒక క్షణము నా మనస్సు ఊగినది. తుదకు, "ఈ కొండ ఆయన బడి, నాయనా. ఆయన మాటే విందము" అంటిని. వాడు అలిగి, నాడంతయు హద్దులలోనే జారెను.

ప్రొద్దు గ్రుంకువేళకు ఆ వాలు చెక్కుచెదరక తెల్లగా మెరయుచుండెను. "చూచితిరా, ఏమియు జరుగలేదు" అని మనుమడు ఎత్తిపొడిచెను. యువకుడు తన నిప్పుల కాంగ్డీని నా చేతుల కందించుచు, "ఏమియు జరుగకుండుటయే నా పని, బాబూ" అనెను. మామూలు సొమ్మే పుచ్చుకొని వెడలిపోయెను.

వాగు పొంగిన దినములలో పిల్లలను దాటనీయక రాత్రివరకు బడిలో నిలిపి, తల్లిదండ్రులచేత మాటలు పడిన రోజులు నాకు జ్ఞాపకము వచ్చినవి. వాగు ఏ పిల్లవానిని కొనిపోలేదు. కనుకనే నన్ను మెచ్చినవారును లేరు.

మరునాటి యుదయమున బయటికి వచ్చి చూచితిని. మనుమడు పార చేతబట్టి, మంచును త్రవ్వి దాని పొరలను చూపుమని ఆ యువకుని వేడుకొనుచుండెను.