ఆ మార్కే ఇవ్వండి!

కొట్టు చిన్నదే కావచ్చు. కానీ ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ వెతుక్కుంటూ రావాలంటే దానికో గుర్తు ఉండాలి. ఆ గుర్తు ఎలా ఉండాలి? గీయించుకున్నాక దాన్నెలా కాపాడుకోవాలి?

కిరాణా కొట్టు దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు, లోగో అంటే ఏమిటో తెలిసిపోతుంది. 'గుర్రం మార్కు అగ్గిపెట్టె ఇవ్వు', 'చిలక బొమ్మ ఉంటుందే, ఆ సబ్బు', 'ఎర్ర ప్యాకెట్ టీపొడి'... అడిగేవాళ్లలో చాలామంది కంపెనీ పేరు చెప్పరు. చదువొచ్చినవాళ్లూ చెప్పరు. కంటికి గుర్తున్నదే నోటికి వస్తుంది. లోగో అన్న మాట మనకి కొత్తగా వచ్చిందిగానీ అది చేసే పని పాతదే. మన ఊళ్లలో ఎప్పట్నుంచో దానికున్న పేరు... మార్కు!

గుర్తు బలం ఎంతటిదో తెలియాలంటే 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్ని తలచుకోవాలి. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మందే. మరి పేర్లు చదవలేనివాళ్లు ఓటెలా వేయాలి? అందుకే అభ్యర్థికో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. కాడెద్దులు, గుడిసె, కంకి కొడవలి, దీపం... అన్నీ జనం రోజూ చూసేవే. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదం లేనివే. చిన్న వ్యాపారికి కావాల్సిన లోగో పాఠం మొత్తం ఆ పెట్టెల మీదే ఉంది.

'అన్నీ పెట్టు బాబూ!'

పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ ఉందనుకోండి. ఇరుగుపొరుగుతో మొదలైన వ్యాపారం అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల దాకా వెళ్లింది. ఇన్నేళ్లూ సీసామీద తెల్లకాగితం, దానిమీద పెన్నుతో 'మాగాయ' అని రాస్తే సరిపోయింది. ఈమధ్య పక్కవీధిలో మరొకరు అలాంటి సీసాలే, అలాంటి మూతలే పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. 'ఈసారి మీ ఆవకాయ చేదొచ్చిందండీ' అని ఎవరో ఫోను చేశారు. ఆరా తీస్తే ఆ సీసా ఈవిడది కాదు! చేతిరుచి ఒకరిది, చెడ్డపేరు ఇంకొకరిది. లోగో అవసరం ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది.

వెంటనే డీటీపీ సెంటర్‌కి వెళ్లింది.

'ఏం బొమ్మ వెయ్యమంటారు ఆంటీ?' అన్నాడు కంప్యూటర్ ముందు కుర్రాడు.

'మామిడికాయ వెయ్యి బాబూ. పక్కన రోలు. ఎండుమిరపకాయలు. మాది గోదావరి జిల్లా కదా, వెనకాల గోదారి, కొబ్బరిచెట్లు. పైన వెంకన్నబాబు. కింద మా అత్తగారి ఫొటో. ఇదంతా ఆవిడ నేర్పిందే!'

ఆవిడ కోరినవన్నీ న్యాయమైనవే. ప్రతిదాని వెనకా ఓ ప్రేమ ఉంది. కానీ అవన్నీ కలిస్తే క్యాలెండరు అవుతుంది, లోగో అవదు. అంగుళంన్నర లేబుల్ మీద ఇన్ని బొమ్మలు పెడితే చూసేవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు.

ఈ పొరపాటు పెద్దవాళ్లూ చేశారు. 1976లో యాపిల్ కంపెనీ మొదటి లోగోలో చెట్టు కింద కూర్చుని చదువుకుంటున్న న్యూటన్, తలపైన వేలాడే పండు, చుట్టూ చట్రం, చట్రం మీద కవిత్వం... అన్నీ ఉన్నాయి. చూడ్డానికి పాతకాలం పుస్తకంలోని బొమ్మలా ఉండేది. చిన్నది చేస్తే ఏమీ కనిపించేది కాదు. మరుసటేడే దాన్ని పక్కన పెట్టేశారు. రాబ్ జానాఫ్ అనే డిజైనర్ ఒక్క పండు గీసి, చెర్రీ అని పొరబడకుండా ఓ పక్క కొరికినట్టు పెట్టాడు. న్యూటన్ వెళ్లిపోయాడు, పండు మిగిలింది!

ముప్ఫై అయిదు డాలర్ల బొమ్మ

'పెద్ద కంపెనీలకేం, లక్షలు పోసి గీయించుకుంటాయి' అనుకుంటాం. కానీ పుట్టినప్పుడు అవీ చిన్న వ్యాపారాలే.

1886లో అట్లాంటాలో కోకాకోలా మొదలైనప్పుడు రోజుకు సగటున తొమ్మిది గ్లాసులు అమ్ముడుపోయేవట. దానికి పేరు సూచించిందీ, ఆ పేరుని ఒంపులు తిరిగిన అక్షరాల్లో రాసిందీ డిజైనర్ కాదు, లెక్కలు రాసే ఫ్రాంక్ రాబిన్సన్. నైకీ లోగో గీసింది కరొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని. 1971లో అందుకు ఆమెకి ముట్టింది 35 డాలర్లు. యజమాని ఫిల్ నైట్‌కి అది మొదట పెద్దగా నచ్చలేదు కూడా. వ్యాపారం పెరిగాక, 1983లో కంపెనీ ఆమెని పిలిచి ఉంగరమూ, షేర్లూ ఇచ్చింది.

మన దగ్గర నిర్మా సంగతి చూడండి. ప్రభుత్వోద్యోగం చేస్తూనే కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాద్‌లో సబ్బుపొడి తయారుచేసి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. కూతురు నిరుపమ పేరు మీదే దానికా పేరు పెట్టారు. ప్యాకెట్ మీద తెల్లగౌనులో గిరగిరా తిరిగే పాప బొమ్మ. అంతే! సబ్బుపొడిలో ఏం కలుస్తుందో, ఎక్కడ తయారవుతుందో ఆ బొమ్మ చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

లోగో కథ చెప్పక్కర్లేదు. గుర్తుపట్టేలా ఉంటే చాలు. దానికి అర్థం సరుకు వల్ల వస్తుంది. పచ్చడి బావుంటే సీసామీద ఉత్త రోలు బొమ్మ చూసినా నోరూరుతుంది. బావుండకపోతే బంగారు రోలు గీయించినా ఫలితం ఉండదు.

నాలుగు పరీక్షలు

గీయించుకున్న బొమ్మ మంచిదో కాదో తేల్చుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు.

మొదటిది, గోరంత పరీక్ష. బొమ్మని బొటనవేలి గోరంత చేసి చూడాలి. వాట్సాప్‌లో గుండ్రంగా కనిపించేది అంతే కదా! తెలుగు పేర్లకి ఇది మరీ ముఖ్యం. 'శ్రీ లక్ష్మీ' అన్న పేరునే తీసుకోండి. ఒత్తులూ గుడులూ కిందా పైనా చేరతాయి. సైజు తగ్గగానే 'క్ష్మీ' కాస్తా సిరా మరకైపోతుంది. పేరు పొడవైతే అందులోంచి ఒక్క అక్షరాన్నో, పొట్టి మాటనో తీసుకుని లావుగా, విడివిడిగా రాయించుకోవడం మేలు.

రెండోది, రబ్బరు స్టాంపు పరీక్ష. ఒక్క రంగులో ముద్రిస్తే లోగో నిలబడాలి. బిల్లుబుక్కు, అట్టపెట్టె, గుడ్డసంచి... అన్నిటిమీదా నాలుగు రంగులు వేయించడం చిన్న వ్యాపారికి భారం. స్క్రీన్ ప్రింటింగులో రంగుకో స్క్రీన్ కావాలి. రంగు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. అందుకే ముందు నలుపులో గీయించి, ఆ తర్వాతే రంగులద్దించాలి.

మూడోది ఆకారం పరీక్ష. రంగు తీసేసినా ఇది మనదే అని తెలియాలి. ఆహార పదార్థాల ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క ఉంటుంది కదా. ఒకప్పుడు మాంసాహారానికీ చుక్కే, రంగు మాత్రం గోధుమ. రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్లకి రెండూ ఒకేలా కనిపించేవి. అందుకే ఆహార భద్రతా సంస్థ మాంసాహారానికి చుక్క తీసేసి త్రిభుజం పెట్టింది. ఆ తర్వాత అది తప్పనిసరి అయింది.

నాలుగోది ఫోను పరీక్ష. లోగో చూపించకుండా, ఫోన్లో ఒక్క మాటలో చెప్పగలగాలి. 'రోలు బొమ్మ ఉంటుంది వదినా, అది తీసుకో' అంటే పని జరిగిపోవాలి. 'ఏదో ఆకులా ఉంటుంది, మధ్యలో గీతల్లాంటివి...' అని తడుముకుంటే ఆ బొమ్మ మళ్లీ గీయించాల్సిందే.

దేవుడి పేరూ, దేవుడి దయా...

ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరికే బొమ్మలున్నాయి. క్షణాల్లో గీసిపెట్టే కృత్రిమమేధ యాప్‌లూ వచ్చాయి. ఖర్చు లేదు, నిజమే. కానీ అలాంటి బొమ్మే ఇంకో పదిమంది దగ్గరా ఉండొచ్చు. ఎవరో ముందే నమోదు చేసుకున్నదానికి దగ్గరగానూ ఉండొచ్చు. అందుకే బోర్డు రాయించకముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవాలి. దానికి రుసుమేమీ లేదు.

దేవుడి పేరు పెట్టుకోవడం మన ఆనవాయితీ. తప్పులేదు. అయితే ఆ పేరు నా ఒక్కడిదే అంటే చెల్లకపోవచ్చు. అగరబత్తీలకు 'రామాయణ్' అన్న పేరు మీద నడిచిన వివాదంలో, పవిత్ర గ్రంథం పేరుని ఏ ఒక్కరూ సొంతం చేసుకోలేరని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. దేవుణ్ని దుకాణంలో పటంలో ఉంచుకుని, సీసామీద మనకే ప్రత్యేకమైన పేరూ బొమ్మా పెట్టుకోవడం క్షేమం.

చిన్న వ్యాపారులు ఆన్‌లైన్‌లో నమోదుకి దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. ఆవకాయ 29వ తరగతి, కారప్పొడి 30వ తరగతి కిందికి వస్తాయి. రెండూ అమ్మితే రెండు రుసుములు. ఒకసారి నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. నమోదు కాకుండానే వలయంలో 'ఆర్' గుర్తు వేసుకోవడం మాత్రం నేరం. అప్పటిదాకా 'టీఎం' అని వేసుకోవచ్చు.

మరో రెండు జాగ్రత్తలు. మొదటి లేబుళ్లూ, తేదీలున్న పాత బిల్లులూ పారేయకూడదు. రేపు తగాదా వస్తే ఎవరు ముందునుంచీ వాడుతున్నారో చెప్పే సాక్ష్యాలవే. అలాగే డబ్బులిచ్చాం కదా అని బొమ్మ మనదైపోదు. చాలా సందర్భాల్లో కాపీరైట్ గీసినవారి దగ్గరే ఉంటుంది. హక్కులు బదిలీ చేస్తున్నట్టు కాగితం రాయించుకుని సంతకం తీసుకోవాలి. దాంతోపాటే ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ ఫైలు కూడా అడిగి పుచ్చుకోవాలి. లేదంటే ఫ్లెక్సీ వేయించిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది కథ.

విసుగు మనకే!

అయిదారేళ్లు గడిచేసరికి యజమానికి తన లోగో మీద విసుగొస్తుంది. రోజూ చూసేది తనే కదా! కొనేవాళ్లకి మాత్రం అప్పుడప్పుడే అలవాటవుతుంటుంది. అమెరికాలో ట్రాపికానా కంపెనీ 2009లో స్ట్రా గుచ్చిన నారింజపండు బొమ్మ తీసేసి, కొత్త ప్యాకెట్‌తో జ్యూస్ అమ్మింది. జనం తాము రోజూ కొనే జ్యూస్‌ని అరలో పోల్చుకోలేకపోయారు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు దాదాపు అయిదో వంతు పడిపోయాయి. గత్యంతరం లేక పాత పండునే వెనక్కి తెచ్చుకున్నారు. అంత పెద్ద కంపెనీ కాబట్టి ఆ దెబ్బకి తట్టుకుంది. పచ్చళ్ల సీసాల మీద బతికే కుటుంబానికి అలాంటి సీజను ఒక్కటి పోతే మళ్లీ మామిడికాయలు కొనడానికే పెట్టుబడి ఉండదు.

ఇంతకీ మన పచ్చళ్లావిడ చివరికి ఏ బొమ్మ ఎంచుకోవాలి? మామిడికాయ పచ్చళ్లమ్మే ప్రతివాళ్లూ వేస్తారు. గోదావరి ఆ జిల్లాలందరిదీ. మిగిలింది రోలు. అత్తగారు దగ్గర కూర్చోబెట్టుకుని ఆవపిండి కొట్టడం నేర్పిన రోలు. అత్తగారి ఫొటో లేకపోయినా ఆవిడ అందులో ఉన్నట్టే. బొమ్మ గీయించడం ఒక్కపూట పని. ఆ రోలుని చూసి కొన్నవాళ్లకి ప్రతి ఏడూ అదే రుచి అందించడం మాత్రం... ఏ డిజైనరూ చేసిపెట్టలేని పని!