రైఫిల్ స్టాండు - బాపు చెప్పిన కొలత

ప్రియమైన తమ్ముళ్లకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ కబురు చేశారు. చదువు గురించి రాద్దామా, ఉద్యోగాల గురించి రాద్దామా అని మేము ముగ్గురం చాలాసేపు అనుకున్నాము. చివరకు స్టోర్ రూములో తలుపు వెనుక ఉన్న ఇనుప స్టాండు గురించి రాద్దామని తేల్చుకున్నాము. అది పాత మైకు స్టాండు అనుకుని మీలో కొందరు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారట. అది రైఫిల్ స్టాండు.

మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు ఇరవై మూడేళ్ల వయసులో వరంగల్‌లోనే పి.జి. చదువుతున్నాము. డిగ్రీలో ఎన్.సి.సి.లో చేరి .22 రైఫిల్‌తో బోర్లా పడుకొని కాల్చడం నేర్చుకున్నాము. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్య పతకం సాధించిన సంగతి విన్నప్పటి నుంచి ఆ పోటీలో మేమూ నిలబడాలని కోరిక.

అది నిలబడి కాల్చే పోటీ. పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద గంటా పదిహేను నిమిషాల్లో 60 గుళ్లు కాల్చాలి. రైఫిల్ బరువు ఐదున్నర కిలోలు మించరాదు. ఐదు కిలోలే అనుకున్నా, అరవైసార్లు ఎత్తితే మూడు క్వింటాళ్లు! అందుకే గుండుకూ గుండుకూ మధ్య రైఫిల్‌ను దించుకోవడానికి స్టాండు పెట్టుకోవచ్చు. కాల్చేటప్పుడు మాత్రం దాని ఆసరా ఉండకూడదు. చేతులతో బరువు మోయలేని వికలాంగ క్రీడాకారులకు పారా షూటింగ్‌లో ఎస్.హెచ్.2 అనే విభాగం ఉంది. కాల్చేటప్పుడు కూడా స్టాండు ఆసరా అనుమతించేది వాళ్లకే.

మొదటిసారి హైదరాబాద్ పోటీకి పోయినప్పుడు మాకు ఇవేవీ సరిగా తెలియవు. రైఫిల్ అద్దెది. స్టాండుకు బదులు స్టూలు మీద మన హాస్టల్ ట్రంకు పెట్టె పెట్టుకున్నాము. ప్రతి గుండుకూ నడుము వంచడం, లేవడం. వంగి లేచినప్పుడల్లా పాదాలు కదిలేవి, గురి పక్కకు పోయేది. నలభయ్యో గుండుకు భుజాలు వణికాయి. మధ్యలో చెమట తుడుచుకోవడానికి పెట్టె మీది రైఫిల్‌ను వదిలితే అధికారి మందలించారు. రైఫిల్ స్టాండు మీద ఉన్నా ఒక చెయ్యి దాని మీద ఉండి తీరాలని నియమం. చివరి పది గుళ్లకు వందకు 81 వచ్చాయి.

విదేశీ స్టాండు ధర అడిగితే మా ముగ్గురి స్కాలర్‌షిప్పులు కలిపినా చాలదని తెలిసింది. హన్మకొండలో తెలిసిన ఫొటో స్టూడియో నుంచి కెమెరా స్టాండు తెచ్చి, రైఫిల్ బరువుకు సరిపడా ఇసుక సంచి పెట్టి చూశాము. ఒక కాలు జారి సంచి కింద పడింది. అదే రైఫిల్ అయితే దాని ఖరీదు ఎవరు కట్టాలి? ఆ రాత్రి ముగ్గురికీ నిద్ర పట్టలేదు.

మాలో ఒకరి బాపు ఎనుమాముల మార్కెట్లో హమాలీ. ఎవరి బాపు అని ఇక్కడ రాయము, హాస్టల్లో ఒకరి బాపు అందరికీ బాపే. దసరా సెలవుల్లో ఇంటి ముందు కట్టెలు పెట్టి కొలతలు చూస్తుంటే ఆయన వచ్చి నిలబడ్డాడు.

"బస్త భూమ్మీదికెళ్లి లేపితె నడుము పోతది బిడ్డా. లారీ డాలా మీదికెళ్లి ఎత్తుకుంటె అంత అలుపు రాదు. బొడ్డుకు పైన, రొమ్ముకు కింద ఉండాలె" అన్నాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ గోడకు నిలబెట్టి బొగ్గుతో గీతలు గీశాడు. మూడు గీతలు మూడు ఎత్తుల్లో వచ్చాయి.

"కాల్చేటప్పుడు దాని మీద పెట్టొద్దా?" అని అడిగాడు. వద్దన్నాము. "ఔ మల్ల, మోసేది మీరే. అది దించుకునేతందుకు" అన్నాడు.

హాస్టల్లో చేరినప్పటి నుంచి ఫారాలు చదివి వినిపించేది మేము, వేలిముద్ర వేసేది బాపు. మా చదువులో ఆయనను ఏదీ అడగలేదు. అడిగేదేముందిలే అనుకున్నాము, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఆ రోజు మొదటిసారి ఆయన చెప్పాడు, మేము విన్నాము.

ఆ గీతలు కొలుచుకొని వెల్డింగ్ షాపుకు పోయాము. పైపులో పైపు, మూడు ఎత్తులకు మూడు రంధ్రాలు, ఒక బోల్టు. అడుగున బరువైన మూడు కాళ్లు, పైన సైకిల్ ట్యూబు చుట్టిన కొక్కెం. కాజీపేట నుంచి రైల్లో మోసుకుపోవడానికి చేతులు పడిపోయాయి గాని, పోటీలో అది అంగుళం కదలలేదు. పతకం రాలేదు. చివరి పది గుళ్లకు 92 వచ్చాయి.

తమ్ముళ్లారా, మీరు స్టాండు ఎంచుకునేటప్పుడు నాలుగు చూసుకోండి. వంగకుండా, పాదాలు కదలకుండా అందే ఎత్తులో ఉండాలి, దాని ఏ భాగమూ మీ భుజం కంటే పైకి ఉండరాదు. అడుగున బరువుండాలి. కాళ్లు పక్కవాళ్ల చోటులోకి పోకూడదు, ముందున్న బల్లను దాటకూడదు. రైఫిల్ ఆనేచోట మెత్తగా ఉండాలి. ధర చివర చూసుకోండి.

ఆ స్టాండు ఇక మీదే. మా మూడు రంధ్రాల్లో మీ ఎత్తుకు సరిపోయేది లేకపోతే ఇంకొకటి వేయించుకోండి. కొలత మాత్రం ఇంట్లో బరువులు మోసేవాళ్లను అడిగి తీసుకోండి.

ఇట్లు,
మీ అన్నలు